ఒక్క మడమ చాలు

నమోదు 211
ఎముక మీటరు: 66. ఈ వారం ఎలా ఉన్నారు: బాగానే ఉన్నాను.

కబడ్డీ బోర్డుకు ఈ మాత్రం రాస్తే చాలు. అరవై కిందికి దిగితే ఆడే లైసెన్సు పోతుంది. అందుకని ప్రతి సోమవారం కాలు మీటరులో పెట్టి, అది చూపిన ఎముక బలం అంకె ఇక్కడ వేసి, కింద రెండు ముక్కలు రాయాలని రూలు. మిగతా ఆటగాళ్లు "బాగానే" అని గీకి పోతారు. నాకు ఖాళీ చోటు కనబడితే నోరు ఊరుకోదు. బోర్డువాళ్లు ఇవేవీ చదవరని నా గట్టి నమ్మకం.

నా పేరు ముత్యాలు. చంద్రుడి మీద గవ్వపాలెం కబడ్డీ జట్టుకు ఎడమ కార్నర్ని, మూడు సీజన్లుగా కెప్టెన్ని కూడా. కూత పెట్టి వచ్చిన రైడరు మడమ పట్టి ఆపడం నా పని. ఏళ్ల తరబడి అదే పని కావడంతో మనుషుల్ని కింది నుంచి చూడడం అలవాటైపోయింది. ముఖాలు అబద్ధమాడతాయి గాని పాదాలకు అంత తెలివి ఉండదు.

ఇక్కడ మన బరువు భూమ్మీద బరువులో ఆరో వంతు. ఆ సంగతి ఎముకలు చప్పున కనిపెట్టి బద్ధకిస్తాయి. సీసం నడుంపట్టీలు కట్టుకుని రోజంతా ఆడినా ముప్పై దాటేసరికి మా కథ అయిపోతుంది. ఆ తర్వాత ఇంకో యాభై ఏళ్లు బతకాలి, అదే గొడవ. మాకంటే ముందు కప్పు గెలిచిన జట్టువాళ్లు బయటి దుమ్ము మీద షికారు తిరిగే దుమ్ముపడవలు తలా ఒకటి కొనుక్కున్నారు. ఇప్పుడవి నిలిపిన చోటికి అద్దె కట్టలేరు, అవి అమ్ముడుపోవు, పిల్లలు వాటిలో కూర్చుని దాగుడుమూతలు ఆడుకుంటున్నారు.

మేం అలా కాదు. మేం తెలివైనవాళ్లం. మేం మామిడితోట పెట్టాం.

ఈ రోజు పట్టీలు కడిగి ఆరేసి, ఏడుగురం ఆ తోట చూడడానికి వెళ్లాం. పాలేనికి పడమట ఉన్న గుహలో సువర్ణరేఖ అంట్లు, నాలుగేళ్ల చెట్లు. ఈసారి విరగబూశాయి. గుహలోకి అడుగు పెట్టగానే ఆ వాసనకు గంగులు ఏడ్చేశాడు. గంగులంటే మా కుడి కార్నరు, మొన్న దవడ పళ్లు రెండు ఊడినా కిక్కురుమననివాడు.

తోట నడిపే విశాలాక్షిగారు నిచ్చెన మీద ఉన్నారు. కత్తెరతో పూత మొత్తం కత్తిరించి కింద పడేస్తున్నారు. ఒక్క చెట్టుది కాదు, అన్ని చెట్లదీ.

నమోదు 212
ఎముక మీటరు: 65. ఎలా ఉన్నారు: బాగానే ఉన్నాను.

నేను చెప్పని సంగతి ఒకటుంది. ఆ తోటలో మాకున్నది కొంత డబ్బు కాదు, మొత్తం.

కప్పు గెలిచిన రోజుల్లో మా కోచ్ ఎర్రయ్య మాస్టారు ఒక మాట అన్నారు. "ఏ ఆటకి ఒచ్చింది ఆ ఆటకే మూడు పాళ్లు సెయ్యండి. ఒక పాలు తినండి. ఒక పాలు కుండలో ఎయ్యండి, ఎప్పుడు కావాలంతే అప్పుడు సెయ్యెట్టి తీసుకునేలాగ. మూడో పాలు దూరం పంపండి, అది ఎల్లి పెరిగి ఒస్తాది, దాని మొకం సూడకండి." ఆయన ఏదో ఎగిరే బూట్ల కంపెనీలో సర్వం పెట్టి పోగొట్టుకున్న మనిషి కాబట్టి బాగా చెప్పారు. మేం బాగా తలూపాం. తలూపి, రెండో పాలూ మూడో పాలూ కలిపి విశాలాక్షిగారి చేతిలో పోశాం.

ఎనిమిదేళ్ల వరకు కదపకూడని పెట్టుబడి అది. బజారులో పెట్టి నాలుగు రోజుల్లో అమ్ముకునే రకం కాదు. మధ్యలో బయటపడాలంటే మన వాటా కొనేవాడిని మనమే వెతుక్కోవాలి.

అంతటితో ఆగినా బాగుండేది. ఒప్పందం రాసేటప్పుడు ఎవరి వాటా వారికి విడిగా రాస్తామని వకీలు అన్నాడు. మేం నవ్వాం. మ్యాట్ మీద చేయీ చేయీ పట్టుకుని గొలుసు కట్టే జట్టు మాది, డబ్బు దగ్గర విడివిడిగా నిలబడతామా? ఉంటే ఏడుగురం, పోతే ఏడుగురం, ఒక్కరు అమ్మితే అందరిదీ అమ్మినట్టే అని రాయించాం. ఆ ఐడియా నాదే. ఆ రాత్రి పాలెమంతా మమ్మల్ని భుజాల మీద మోసింది.

ఇప్పుడు పూత నేల మీద ఉంది. "ఎందుకు కోస్తున్నారండీ" అని ఆమెను అడిగితే "కోయాలి కనుక" అన్నారు. భూమ్మీద మొక్కల చదువు చదివి వచ్చిన మనిషి, మాట అడిగితే కందిరీగను కదిపినట్టే. పోయిన ఏడూ కోశారట, మాకు చెప్పలేదు.

నమోదు 213
ఎముక మీటరు: 63. ఎలా ఉన్నారు: బాగానే ఉన్నాను.

దాలినాయుడు ఈ రోజు ప్రాక్టీసు అయ్యాక నా పక్కన చేరి, నా పట్టీ బకిల్ తుడుస్తూ కూర్చున్నాడు. వాడు మా మొదటి రైడరు, ఇరవై నాలుగేళ్లు, నన్ను అక్క వరసలో అప్పా అంటాడు. వాడికి పొగడ్తలు కావాల్సినప్పుడు నా బాటిల్ నింపుతాడు. పట్టీ తుడిచాడంటే విషయం పెద్దదే.

"అప్పా, నీలవేణికి ఐదో నెల."

వాడి పెళ్లాం కడుపుతో ఉందంటే సంతోషపడ్డాను. తర్వాత వాడి పాదాలు చూశాను. రెండు బొటనవేళ్లూ మ్యాట్‌ను పట్టుకుని ఉన్నాయి, పడిపోకుండా నిలదొక్కుకునేవాడిలాగ.

ఇక్కడ బిడ్డను కనాలంటే చక్రానికి పోవాలి. పైన తిరుగుతూ ఉండే స్టేషన్ అది, దాని లోపల భూమి బరువు ఉంటుంది. ఆరో నెలకల్లా తల్లి అక్కడికి చేరాలి, బిడ్డకు రెండేళ్లు నిండేదాకా అక్కడే ఉండాలి. లేకపోతే పిల్ల కాళ్లు జొన్నదంట్లలాగ తయారవుతాయి. ఖర్చులో కొంత పాలెం కౌన్సిల్ భరిస్తుంది, మిగతాది మనది, మూడు నెలలకొకసారి కట్టాలి.

"కుండలో ఏమైనా ఉందా?" అని అడిగాను, ఏమీ లేదని తెలిసి కూడా.

"ఏ కుండ, అప్పా. అందరిదీ గుహలోనే ఉంది గదా. జీతంలో మిగిలేది దానికి సాలదు. ఒకాయన ఒచ్చాడు. మన వాటాలు కొంతాడంట. సగం ధరకి."

"సగానికా? నీది ఒక్కటే కాదురా, అందరివీ పోతాయి."

"తెలుసు. అందికే నిన్నడుగుతన్నాను."

కోపం వచ్చింది. వాడి మీద రావలసినది కాదు, కాని వాడి మీదే వచ్చింది. నా మీటరు అరవై మూడు. ఈ సీజను గట్టెక్కితే గొప్ప. ఆ తోట తప్ప నాకు వెనక ఏమీ లేదు, సగానికి అమ్మితే మిగిలేది ఎన్నాళ్లకు వస్తుంది? "ఎనిమిదేళ్లంటే ఎనిమిదేళ్లే" అన్నాను. వాడు బకిల్ నా ఒళ్లో పెట్టి, లేచి వెళ్లిపోయాడు.

నమోదు 214
ఎముక మీటరు: 63. ఎలా ఉన్నారు: బాగానే ఉన్నాను.

కొంటానన్న పెద్దమనిషి ఈ రోజు మా డ్రెస్సింగ్ రూముకే వచ్చాడు. పేరు ప్రభంజన్. అందరికీ జంతికలు తెచ్చాడు, భూమి నుంచి వచ్చిన శనగపిండితో చేసినవి. తిన్నాం. తిండి మీద కోపమేమిటి?

పాలెంలో ఎవరి చెప్పులైనా బూడిద రంగే, బయటి దుమ్ము అలాంటిది. ఈయన చెప్పులు మాత్రం కడిగిన పళ్లెంలాగ ఉన్నాయి. తను నడవాల్సిన చోటుకు ఎవరినో పంపించే మనిషన్నమాట.

"నాకూ బాధగానే ఉందండీ. పూసిన పూత పూసినట్టు కోసేస్తుంటే మీ డబ్బు ఎప్పటికి కాయాలి? నేనైతే రిస్కు తీసుకుంటాను, నాకు అలవాటు. మీరు ఆటగాళ్లు, మీకు ఇప్పుడు కావాలి." ఆ మాట అందరికీ చెబుతున్నట్టే అన్నాడు గాని, రెండు పాదాలూ దాలినాయుడి వైపే తిరిగి ఉన్నాయి. గంగులు వైపు గాని, కెప్టెన్నయిన నా వైపు గాని వేలు కూడా తిప్పలేదు.

ఆయన వెళ్లాక పెద్ద రగడ. అమ్మేద్దామని ఇద్దరు, వద్దని ఇద్దరు. గంగులు దాలినాయుడి చొక్కా పట్టుకుని, "నువ్వు సంతకం ఎట్టినావంతే నీ సెయ్యి ఇరగ్గొడతాను" అన్నాడు. దాలినాయుడు తిరగబడలేదు. వాడు తిరగబడకపోవడం నాకు నచ్చలేదు.

వచ్చే నెల చక్రానికి ఓడ ఉంది. అది దాటితే నీలవేణికి నెల మించిపోతుంది.

నమోదు 215
ఎముక మీటరు: 58.

అంకె చూశారుగా. "ఎలా ఉన్నారు" అన్నదానికి ఈ వారం ఖాళీ వదిలేస్తున్నాను.

నిన్న శంఖుగుట్ట జట్టుతో ఆట. వాళ్ల రైడరు కొండలాంటి మనిషి. వాడు కూత పెట్టి వచ్చి గంగులుని తాకాడు, గంగులు వాడి నడుం పట్టాడు. మేం గొలుసులో ఉన్నాం. గంగులు చేయి నా చేతిలో, నా చేయి దాలినాయుడి చేతిలో, వాడిది ఇంకొకరి చేతిలో. ఆ రైడరు ఒక్క గెంతు గెంతాడు. ఇక్కడ బరువేముంది? గంగులు లేచాడు, వాడి వెనక నేను లేచాను, నా వెనక మిగతావాళ్లు. దండకు గుచ్చిన పూలలాగ నలుగురం గాల్లో గీత దాటిపోయి అవతల పడ్డాం. నా ఎడమ కాలు అందరి కింద పడి నలిగింది. నలుగురమూ అవుట్.

మ్యాట్ బయట కూర్చుంటే ఎర్రయ్య మాస్టారు నా కాలికి కట్టు కడుతూ తిట్టడం మొదలుపెట్టారు.

"సెయ్యొదిలీ, సెయ్యొదిలీ అని అరుస్తన్నాను. నీకు ఇనపడనేదా?"

"గంగులు పోతున్నాడు కదా మాస్టారూ, ఎలా వదులుతాను?"

"వదిల్తే గంగులు ఒక్కడే పోతాడు. మిగతా ఆరుగురూ ఆడి పాయింటు తెస్తారు, ఆడు మళ్లీ లోపలికి ఒస్తాడు. ఆటంతే అదేనే ముత్యాలూ. నలుగురూ పోతే ఆడిని తిరిగి తెచ్చేదెవుడు?"

ఆయన కడుతున్న కట్టు కొస పట్టుకుని ఆపేశాను. నొప్పి వల్ల అనుకుని ఆయన గ్లాసుతో నీళ్లిచ్చారు.

నా బుర్రలో మాత్రం ప్రభంజన్ చెప్పులు కదులుతున్నాయి. పదకొండేళ్లుగా నేను చేస్తున్న పనే ఆయన చేశాడు. ఏడుగురిని పట్టుకోవాలని చూడలేదు. జట్టులో ఎవరి కాలు ముందుకు ఉందో చూసుకుని ఆ ఒక్క మడమ పట్టాడు. ఎదుటివాళ్లు అందరూ ఒకే తాడుకు కట్టుకుని ఉంటే ఒక్క మడమ చాలు. ఆ తాడు కట్టింది నేనే, పైగా బలమనుకుని.

లైసెన్సు పోయిందని కాగితం సాయంత్రం వచ్చింది. ఏడవలేదు. ఏడుపు సంగతి రేపు పని లేనప్పుడు చూసుకోవచ్చు.

నమోదు 216
బోర్డుకు నా అంకెతో ఇక పని లేదు. నాకు రాయడంతో ఉంది.

ముందు గుహకు వెళ్లాను, కర్ర ఊతంతో. విశాలాక్షిగారు ఈసారీ నిచ్చెన మీదే ఉన్నారు. కింద కూర్చుని, "మీరు దిగి నాకు అర్థమయ్యేలా చెప్పేదాకా కదలను, లేవడం కూడా రాదు నాకు" అన్నాను. ఆమె నా కాలు చూసి దిగారు.

"నాలుగేళ్ల చెట్టును కాయనిస్తే ఆ ఏడు నాలుగు కాయలు వస్తాయి, మీరు చప్పట్లు కొడతారు. బలమంతా కాయకే పోతుంది, వేరు ఎదగదు. అందుకే ముందు పూత తీసేస్తాం. భూమ్మీదా ఇంతే. ఇక్కడ ఇంకో తంటా ఉంది. బరువు లేక కొమ్మ బద్ధకిస్తుంది. ఇదిగో, చూడండి."

కొమ్మలకు సీసం గుళ్లు వేలాడుతున్నాయి. ఆకుల మధ్య ఇంతకాలం నాకు కనబడలేదు. అదే సీసం, మా నడుంపట్టీల్లో ఉండేది.

"ఈ మాట ముందే చెబితే మీ సొమ్మేం పోయింది? అవతల ఒకాయన మీ పూత పేరు చెప్పి మా వాటాలు కొనేస్తున్నాడు."

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఏడు వాటాలు ఒకరి చేతిలో పడితే గుహ అతనిదవుతుంది, ఆమె కూలిమనిషి అవుతుంది. కత్తెర మడిచి నా పక్కన కూర్చున్నారు. తర్వాత, "నాకు చెట్లతో మాట్లాడడమే వచ్చు ముత్యాలు గారూ. మనుషులకు చెప్పాలని తోచదు" అన్నారు. అది క్షమాపణ కాబోలు, నేను అలాగే తీసుకున్నాను.

"అయితే మనుషులకు చెప్పేదాన్ని ఒకర్ని పెట్టుకోండి," అన్నాను. "నేను ఖాళీగా ఉన్నాను."

అక్కణ్ణుంచి జట్టు దగ్గరికి. అందరినీ మ్యాట్ మీద గుండ్రంగా కూర్చోబెట్టి, గొలుసు షరతు కొట్టేయాలని చెప్పాను. ఏడుగురి సంతకాలూ, విశాలాక్షిగారిదీ ఉంటే చాలు. ఎవరి వాటా వారిది. దాలినాయుడి వాటాను మేం ముక్కలు ముక్కలుగా కొంటాం, సగం ధరకు కాదు, పూర్తి ధరకు. చక్రం ఫీజు మూడు నెలలకొకసారి కదా, ఆటలో ఉన్న ఐదుగురూ జీతాల్లోంచి తలా కొంచెం వేసి, ఒక్కో ఫీజుకు ఒక్కో ముక్క తీసుకుంటారు. అంతా అయ్యాక కూడా వాడికి చివరి ముక్క మిగులుతుంది.

"మరి నువ్వో?" అన్నాడు గంగులు.

"నాకు జీతం లేదు. సంతకం ఉంది."

గంగులు చాలాసేపు మ్యాట్ గోకాడు. "గొలుసు తెంపడం అపశకునం గదా" అన్నాడు.

"మొన్న నువ్వు ఎగిరిపోయినప్పుడు నీ చెయ్యి వదిలి ఉంటే నా కాలు నిలిచేది. శకునం గురించి నాకు చెప్పకు."

ఎవరో నవ్వారు. నవ్వింది దాలినాయుడు. నవ్వు సగంలోనే ముఖం దాచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. గంగులే వెళ్లి వాడి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు విరగ్గొడతానన్న చెయ్యి పట్టుకుని సంతకం పెట్టే చోటు చూపించాడు.

ప్రభంజన్‌కు నేనే కబురు చేశాను, మీకు కావాలంటే నా ఒక్క వాటా అమ్ముతాను రండి అని. అమ్మే ఉద్దేశం లేదు, ఊరికే అడిగాను. "ఒక్క వాటా నాకెందుకండీ" అన్నాడు. ఇంక రాలేదు.

నమోదు 219
ఓడ వెళ్లింది. నీలవేణి కిటికీలోంచి చెయ్యి ఊపింది. దాలినాయుడు ఊపలేదు, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. కాని పాదాలు తేలిగ్గా ఉన్నాయి, మడమలు నేలకు ఆనడం లేదు.

ఇంటికొచ్చి భోజనం చేసి పొద్దు పోకుండానే పడుకున్నాను. రాత్రిళ్లు కూడా సీసం పట్టీ విప్పని అలవాటు నాది, నడుం మీద అది లేకుండా పడుకోవడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. నిద్ర ఎప్పుడు పట్టిందో తెలియదు.

నమోదు 224
గుహలో నా ఉద్యోగం భాగస్థులకు చెట్ల సంగతులు చెప్పడం. వాళ్లు అడిగేది ఒక్కటే, "ఎప్పుడు కాస్తాయి" అని. "మీరు అడగడం మానేశాక" అంటాను. విశాలాక్షిగారికి ఈ జవాబు నచ్చింది, తను కూడా వాడుతున్నారు.

వచ్చే కొద్ది జీతాన్ని మూడు పాళ్లు చేస్తున్నాను. ఎర్రయ్య మాస్టారు వచ్చి చూసి, కుండ మూత సరిగ్గా పెట్టి వెళ్లారు.

నా పాత నడుంపట్టీని మూలనున్న చెట్టుకు కట్టాను. ఎడమ వైపు కొమ్మకు, కార్నరు కదా. మొదటి రోజు చూడలేకపోయాను. ఇప్పుడు దానికి నీళ్లు పట్టేటప్పుడు రెండు మాటలు కూడా చెబుతున్నాను.

నమోదు 340
రెండేళ్లు దాటింది. ఈసారి పూత కోయలేదు. పిందె నిలిచింది, కాయ అయింది, ఈ వారం పండింది. తోట మొత్తం మీద గంపెడు లేదు, అయినా పాలెం సగం గుహలోనే ఉంది. కొమ్మలు విరుగుతాయేమోనని గంగులు ఒక్కో కొమ్మ కింద చెయ్యి పెట్టి తిరిగాడు. ఇక్కడ విరగవు, బరువు లేదు కదా అని ఎంత చెప్పినా వినడు.

మొదటి పండు ఎవరికని తగువు వచ్చేలోపు ఓడ దిగిన పెళ్లాన్నీ పిల్లనీ తీసుకుని దాలినాయుడు వచ్చాడు. వాడి చివరి ముక్క ఇంకా వాడి దగ్గరే ఉంది కాబట్టి వాడూ భాగస్థుడే. కాని పండు వాడికి ఇవ్వలేదు. నీలవేణి చంకలోంచి దిగిన పిల్లకు ఇచ్చాం. ఆ పిల్ల అంతవరకు తల్లిదండ్రులు పెరిగిన లోకంకంటే బరువైన లోకంలో పెరిగింది. ఇక్కడ నేల మీద పెట్టగానే తన బలం తనకే తెలియక ఎగిరి నా ఒళ్లో పడింది, రసం నా మొహం మీద.

నేను చూసేది ఎప్పుడూ ఒకటే కదా. చెయ్యి చాచి పిల్ల ఎడమ మడమ పట్టాను. గట్టిగా ఉంది. గుప్పిటిలో నిండింది, లోపల ఎముక రాయిలాగ. ఇలాంటి మడమ ఈ పాలెంలో పెరిగినవాళ్లెవరికీ లేదు, నాకు లేదు, వాళ్ల నాన్నకూ లేదు.

పిల్ల ఒక్క తన్ను తన్నింది. పదకొండేళ్లు మడమలు పట్టినదాన్ని, కావాలంటే ఆపగలను.

వదిలేశాను. చెట్ల మధ్య నుంచి గీత ఏదీ లేని వైపుకు పరుగెత్తుకుంటూ పోయింది.

ఎలా ఉన్నారు: బాగున్నాను.